ఆటకూ పాటకూ ఒకే పెట్టె

సింగపూర్ సెరంగూన్ రోడ్డులోని శ్రీనివాస పెరుమాళ్ గుడి నుంచి ఎలక్ట్రానిక్స్ దుకాణాలుండే సిమ్ లిమ్ స్క్వేర్‌కి నడిచి వెళ్లిపోవచ్చు. ఒక శనివారం దర్శనం కాగానే, పుంగోల్‌లో కాపురముంటున్న ఒక తెలుగు కుటుంబం అటే నడిచింది. పదహారేళ్ల కొడుక్కి వాలరెంట్ ఆడటానికి సౌండ్ కార్డు కావాలి. తల్లికేమో అన్నమయ్య కీర్తనలు పాడి, రికార్డు చేసి, తెనాలిలో ఉన్న వాళ్లమ్మకి పంపాలని కోరిక. ఇంట్లో కంప్యూటర్ ఒక్కటే. కొనేదీ ఒక్కటే.

సౌండ్ కార్డుకి సింగపూర్ పుట్టిల్లు లాంటిది. సిమ్ వాంగ్ హూ 1981లో ఇక్కడే చిన్న దుకాణంతో మొదలుపెట్టిన క్రియేటివ్ టెక్నాలజీ, 1989లో సౌండ్ బ్లాస్టర్‌ను తెచ్చింది. అప్పటిదాకా చాలావరకు కీచుమనడమే తెలిసిన పీసీలకు మాటా పాటా వచ్చాయి. తండ్రి మనసు కూడా ఆ పేరు మీదే ఉంది. చదువుకునే రోజుల్లో సికింద్రాబాద్ సీటీసీలో పీసీ కట్టించుకున్నప్పుడు, ఉన్న డబ్బులన్నీ ఊడ్చి సౌండ్ బ్లాస్టర్ లైవ్ వేయించుకున్న మనిషి ఆయన.

కానీ కాలం మారింది. ఆ రోజుల్లో ఆటలో ఏ చప్పుడు ఎటునుంచి రావాలో లెక్కగట్టే పనిలో కార్డు చెయ్యి వేసేది. 2007లో విండోస్ విస్టా వచ్చాక ఆ పాత దారి మూసుకుపోయి, లెక్కంతా ప్రాసెసర్ మీద పడింది. వాలరెంట్ సెట్టింగుల్లో హెచ్‌ఆర్‌టీఎఫ్ ఆన్ చేస్తే, మామూలు స్టీరియో హెడ్‌ఫోన్‌లోనే శత్రువు అడుగుల చప్పుడు వెనకనుంచా, పక్కనుంచా అన్నది పోల్చుకోవచ్చు. దాని మీద విండోస్ సరౌండ్ కూడా పెడితే రెండూ కలగలిసి దిక్కు తెలియకుండా పోతుంది.

“అమ్మా, ఇందులో సెవెన్ పాయింట్ వన్ సరౌండ్ లేదు” అన్నాడు కొడుకు, ఆమె చూపించిన ఎర్ర పెట్టెను తిప్పి చూస్తూ.

“నీకున్నవి రెండు చెవులేగా నాన్నా!”

అసలు చిక్కంతా పాటతోనే. ఈ విషయం ఆమెకి అంతకుముందు నెలలోనే అనుభవమైంది. కంప్యూటర్ వెనక గులాబీ రంగు రంధ్రంలో హెడ్‌సెట్ మైకు గుచ్చి, తంబురా వింటూ పాడింది. తన గొంతు తనకే ఆలస్యంగా వినిపించింది. దానికోసం ఆగడం, మళ్లీ అందుకోవడం. చరణానికి వచ్చేసరికి తాళం పూర్తిగా తప్పింది. లెక్క వేస్తే ఎందుకో అర్థమవుతుంది: సెకనుకి 44,100 శాంపిళ్ల వేగంలో బఫర్ 1024 ఉంటే ఒక్క వైపుకే 23 మిల్లీసెకన్లు. లోపలికీ బయటికీ కలిపితే 46. అదే బఫర్ 128 అయితే ఒక్కో వైపుకి మూడు మిల్లీసెకన్లు కూడా పట్టదు. అంత చిన్న బఫర్‌తో నమ్మకంగా పనిచేయాలంటే మంచి ఏసియో డ్రైవర్ కావాలి. పైగా ఆ రికార్డింగులో గ్రాఫిక్స్ కార్డు సన్నటి ఈల కూడా పడింది.

అందుకే ముందు మైకు సంగతి తేల్చుకుని, తర్వాత పెట్టె దగ్గరికి రావాలి. స్టూడియో కండెన్సర్ మైకుకి 48 వోల్టుల ఫాంటమ్ పవర్ కావాలి. గేమింగ్ కార్డు చిన్న రంధ్రంలో వచ్చేది కొద్ది వోల్టులే. వాళ్లు తీసుకున్న ఆ ఎర్ర పెట్టె, ఫోకస్‌రైట్ స్కార్లెట్ సోలోలో ఆ 48 వోల్టులున్నాయి, ఎక్స్‌ఎల్‌ఆర్ మైకు దారి ఉంది, యూఎస్‌బీతోనే నడుస్తుంది. అన్నిటికంటే ఆమెకి నచ్చింది డైరెక్ట్ మానిటర్: గొంతు కంప్యూటర్ దాకా వెళ్లి రాకుండా మైకు నుంచి తిన్నగా చెవిలోకి వస్తుంది. ఒక్క నష్టముంది. కొడుకు హెడ్‌సెట్‌లోని మైకు దీంట్లో పనిచేయదు. ఆటలో జట్టువాళ్లతో మాట్లాడాలంటే వాడికీ అమ్మ మైకే దిక్కు.

ఆ రాత్రి పడగ్గదిలో ఏసీ, ఫ్యాను ఆపేశారు. బీరువా తలుపులు బార్లా తీసి, వేలాడుతున్న పట్టుచీరలకెదురుగా ఆమె నిలబడింది. గది గోడల మార్మోత ఆ చీరలే మింగేశాయి. కొడుకు 24 బిట్‌లో పెట్టి, గట్టిగా పాడినప్పుడు కూడా ముల్లు మైనస్ 12 డెసిబెల్స్ దాటకుండా గెయిన్ తిప్పాడు. బఫర్ 64కి దించితే చిటపటలొచ్చాయి. మళ్లీ 128కే తెచ్చాడు. ఈసారి చరణం దాటినా తాళం తప్పలేదు.

పాట అయ్యాక ఆమె డైరెక్ట్ మానిటర్ ఆపేసి హెడ్‌ఫోన్ కొడుక్కి అందించింది. అది ఆపకపోతే ఆటలో వాడి గొంతు వాడి చెవిలోనే మోగుతూ ఉంటుంది.