వెనుక చక్రాలకు బహుళం

వ్యాకరణం చదువుకొన్న మిత్రులకు "బహుళం" అన్న మాట పరిచయమే. కార్యం ఒకచోట తప్పక జరగటం, ఒకచోట జరగకపోవటం, ఒకచోట వికల్పంగా జరగటం, ఒకచోట మరొక విధంగా జరగటం. ఇవన్నీ కలిస్తే బహుళం. ముప్పై యేళ్ళకు పైగా తరగతిలో దీన్ని బోధించాను గాని, ఒక కారు వెనుక చక్రాలలో కనిపిస్తుందని ఎన్నడూ అనుకోలేదు.

టెక్సాసులో మా అమ్మాయి యింట ఉన్నప్పుడు మనవడి దగ్గర 1990 నాటి నిస్సాన్ 300 జడ్ఎక్స్ ట్విన్ టర్బో కారు చూశాను. వయసులో వాడికంటె పెద్దది. ముందు చక్రాలతో పాటు దాని వెనుక చక్రాలూ తిరుగుతాయి. నిస్సాన్ వారు 1985లో స్కైలైన్ కారుతో మొదలుపెట్టిన ఈ ఏర్పాటు పేరు హైకాస్. తరువాతి రూపం సూపర్ హైకాస్. తిరగటమంటే ఎంతో కాదు, ఒక డిగ్రీ. కారు మెల్లగా పోతుంటే తిరగవు. వేగం మీద మలుపు తీసుకొంటే ముందు చక్రాల దిక్కుకే తిరుగుతాయి. స్టీరింగు చటుక్కున తిప్పితే క్షణకాలం ఎదురు దిక్కుకు పోయి, వెంటనే అనుకూల దిక్కుకు వస్తాయి. వేగాన్నీ స్టీరింగునూ చూసి కంప్యూటరు నిర్ణయిస్తుంది. ఇది బహుళం కాక మరేమిటి?

మనవడు దీన్ని తొలగిస్తానన్నాడు. నాకు మనసొప్పలేదు. చెడిపోని వస్తువును, అందునా అంత బుద్ధి వెచ్చించి చేసినదాన్ని, పెరికివేయటమేమిటి?

"తాతయ్యా, వెనుక భాగం ఎటు జారుతోందో నాకు తెలియాలి. నేను దిద్దుకొనేలోపు అదే దిద్దేస్తుంది" అన్నాడు. (వాడి పందెపు నడకలన్నీ ట్రాకు మీదనే లెండి, వీధులలో కాదు.) రాస్తున్న పిల్లవాడి చేయి పట్టుకొని దిద్దే అయ్యవార్లను చూసినవాణ్ణి కనుక ఆ మాట నాకు తగిలింది.

కిట్టు అంటే పెద్ద యంత్రమనుకొన్నాను. వచ్చింది ఒక లోహపు కడ్డీ, నాలుగు బోల్టులు! కారును స్టాండ్ల మీదికెత్తి, వెనుక చక్రాలను తిప్పే నూనె సిలిండరును విప్పి, ఆ స్థానంలో కదలని కడ్డీని బిగించాడు. నూనె వెనుకదాకా పోకుండా ముందే మళ్ళించాడు. బహుళం కాస్తా నిషేధమైపోయింది. ఆ తరువాత చక్రాల అలైన్‌మెంటు చేయించక తప్పదట. వెనుక చక్రాలు ఏమాత్రం వంకరగా ఉండిపోయినా టైర్లు అరిగిపోతాయి.

విచిత్రమేమంటే, వీరు పీకేస్తున్నదాన్నే ఇతరులు మళ్ళీ పెడుతున్నారు. 2020లో వచ్చిన మెర్సిడెస్ ఎస్ క్లాసులో, అదనపు సొమ్మిస్తే, వెనుక చక్రాలు 10 డిగ్రీల దాకా తిరుగుతాయి. అంత పొడవు కారును ఇరుకులో తిప్పటానికి అది అక్కరకు వస్తుంది. వీడి అవసరం వేరు.

అసలు తగవు దీపం దగ్గర వచ్చింది. ఏర్పాటు పనిచేయకపోతే డాష్‌బోర్డు మీద హైకాస్ దీపం వెలుగుతుంది. దాని బల్బు తీసేయటం అందరూ చేసేదేనన్నాడు. సిలిండరు తీయటానికి ఒప్పుకొన్నాను గాని, దీనికి ఒప్పుకోలేదు. రేపు ఈ కారు కొనేవాడికి తెలియవద్దా? చాలాసేపు వాదించి, చివరికి బల్బు ఉంచాడు. విషయమంతా ఇంగ్లీషులో ఒక కాగితం మీద రాసి అరలో పెట్టాడు. దాని అడుగున నేను నా దస్తూరీతో తెలుగులోనూ రాశాను: "వెనుక చక్రములు తిరుగవు."