తలకిందుల కొండ

తిరుపతిలో పుట్టినవాడికి కొండ ఎక్కడం ఒక ఘనకార్యం కాదు. చుట్టాలొస్తే చుట్టాలతో, పరీక్ష ప్యాసైతే మొక్కు తీర్చడానికి, ఏ పనీ లేకపోతే ఊరికే - అలిపిరి మెట్లు ఎక్కుతూనే పెరిగాం. మొత్తం 3,550 మెట్లు. వాటిని నేను ఎన్నిసార్లు ఎక్కానో లెక్క చెబితే మా ఆవిడ నవ్వుతుంది. ఆవిడ లెక్కలో అందులో సగం నేను బస్సులో ఎక్కినవి.

ఈ గొడవంతా ఎందుకు చెబుతున్నానంటే, 2019 మే నెలలో అమెరికాలో నా ప్రాణం మీదికి వచ్చింది ఈ మెట్ల గర్వంవల్లనే.

మా అబ్బాయి ఉండేది అరిజోనా రాష్ట్రంలో, ఫీనిక్స్‌లో. రేణిగుంట స్టేషన్లో మధ్యాహ్నం పన్నెండింటికి దిగినట్టే ఉంటుంది అక్కడి ఎండ. "ఇక్కడికి మూడున్నర గంటల దూరంలో పెద్ద గొయ్యి ఒకటుంది నాన్నా, చూసొద్దాం" అన్నాడు ఒక శనివారం. గొయ్యి చూడడానికి అంత దూరమా అనుకున్నాను. తీరా చూస్తే అది గ్రాండ్ కాన్యన్. పొడుగు 277 మైళ్ళు, లోతు ఇంచుమించు మైలు, వెడల్పు కొన్నిచోట్ల 18 మైళ్ళు. అడుగున కొలరాడో నది సన్నగా దారప్పోగులా కనబడుతుంది. ఆ దారప్పోగే ఇంత పనీ చేసిందంటే నమ్మడం కష్టం. దాన్ని నేషనల్ పార్కు చేసి ఆ ఏటికి సరిగ్గా 100 ఏళ్ళు.

మొదటిరోజు సాయంత్రం అంచు వెంబడి కారులో తిప్పుతూ మా అబ్బాయి ఒకచోట ఆపి, దూరాన శిఖరమొకదాన్ని చూపించాడు. అడుగున పీఠంలా పరుచుకుని, అంతస్తులు అంతస్తులుగా పైకి పోతూ, అచ్చంగా గోపురంలా ఉంది. "దాని పేరు విష్ణు టెంపుల్" అన్నాడు. వేళాకోళం అనుకున్నాను. కాదట. 1880 ప్రాంతాల క్లారెన్స్ డటన్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు ఈ శిఖరాలకు తూర్పుదేశాల దేవుళ్ళ పేర్లు పెట్టాడట. శివుడి పేర ఒకటి ఉంది, బ్రహ్మ పేర మరొకటి. విష్ణువుది 7,533 అడుగుల ఎత్తు. అడుగునున్న పాతరాయికి కూడా విష్ణువు పేరే.

మా ఆవిడ అప్పటికే చెప్పులు విడిచి చేతులు జోడించింది. "క్యూ లేదు, టిక్కెట్టు లేదు" అన్నాను.

"లడ్డూ కూడా లేదు" అంది.

మర్నాడు మేమిద్దరం బ్రైట్ ఏంజెల్ అనే కాలిబాటన లోపలికి దిగి రావాలని ఏర్పాటు. మనవరాలికి రెండేళ్ళు. దాన్ని ఎత్తుకుని దిగడం కుదరదు గనక కొడుకూ కోడలూ పైనే ఉండిపోయారు. "మైలున్నర దగ్గర విడిది ఉంటుంది. అక్కడిదాకా పోయి వెనక్కి తిరగండి. పదింటికల్లా పైన ఉండాలి" అని మా అబ్బాయి నాలుగుసార్లు చెప్పాడు. ఒకప్పుడు వాడికి నేను చెప్పిన ధోరణిలోనే చెప్పాడు. నాకు కొంచెం కష్టం వేసింది.

కాఫీ ఆలస్యమై బయల్దేరేసరికి ఎనిమిది. నేను ఏమీ తినలేదు. కొండకు పోయేటప్పుడు తినడమేమిటి? దర్శనమయ్యాక కదా! మా ఆవిడ కోడలి బూట్లు తొడుక్కుని, చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని, సంచిలో పులిహోర పొట్లమూ, ఊరమిరపకాయల డబ్బా, ఒక గొడుగూ పెట్టుకుంది. "వాన లేనిచోట గొడుగెందుకే?" అని ఎగతాళి చేశాను.

దిగడం ఎంత సుఖం! రెండుచోట్ల రాతిని తొలిచి చిన్న సొరంగాలు పెట్టారు. బాట పాములా మెలికలు తిరుగుతూ పోతుంది. కంచరగాడిదల మీద మనుషులు వరసగా దిగుతూ ఎదురైతే పక్కకు తప్పుకున్నాం. ముప్పావుగంటలో మైలున్నర విడిది వచ్చేసింది. "ఇంతేనా?" అన్నాను. ఇంకో మైలున్నర దిగితే మరో విడిది ఉందని పటం చెబుతోంది. మా ఆవిడ వద్దంది. "అలిపిరిలో పుట్టినవాణ్ణి" అన్నాను.

అక్కడే నా లెక్క తప్పింది. తిరుమలలో కష్టం ముందు, సుఖం వెనక. ఒంట్లో సత్తువ ఉండగా ఎక్కుతాం, అలిసిపోయాక దిగుతాం. చాతకాకపోతే సగం దారిలో వెనక్కి తిరిగినా దిగుడే. ఇది తలకిందుల కొండ. దిగినంతసేపూ అప్పు చేస్తున్నాం, తీర్చడం ఎండెక్కాక. పైగా దిగినకొద్దీ వేడి. నది ఒడ్డున వేడి, పై అంచుకంటె ఇరవై డిగ్రీల ఫారెన్‌హీట్ దాకా ఎక్కువుంటుంది. పదింటినుంచి నాలుగింటిదాకా నడవవద్దని పార్కువారు బోర్డులు పెట్టారు. నేను చదివాను కూడాను.

మూడుమైళ్ళ విడిది చేరేసరికి పైనుంచి 2,100 అడుగులు దిగి ఉన్నాం. అలిపిరినుంచి తిరుమలకు ఎక్కే ఎత్తూ ఇంచుమించు అంతే. కొళాయి నీళ్ళు కడుపునిండా తాగాను. పులిహోర పొట్లం విప్పామో లేదో బలిసిన ఉడత ఒకటి వచ్చి, నేను అదిలించేలోగా, దాన్ని ఈడ్చుకుపోయి రాళ్ళమీద చల్లింది. తిరుమల కోతుల దగ్గర చదువుకున్న నేను ఉడతను లెక్కచెయ్యలేదు. అక్కడ వాటికి తిండి పెట్టడం నేరమట; మాకు జరిమానా పడుతుందేమోనని మా ఆవిడ భయం.

పదీ పావుకు ఎక్కడం మొదలెట్టాం. అరమైలు ఎక్కేసరికి పిక్కలు పట్టుకుపోయాయి. మరి కాసేపటికి తల తిరిగింది, కడుపులో వికారం. నీళ్ళు తాగుతున్నకొద్దీ ఎక్కువైంది. ఒక బండ పక్కన కూలబడ్డాను. పైకి చూస్తే గోడ. ఆ గోడమీద చీమల్లా మనుషులు. ఫోను పలకలేదు. మా ఆవిడ గొడుగు నా తలమీద పట్టి, తను ఎండలో నిలబడింది. గొడుగు వణుకుతోంది. గాలివల్ల కాదు.

"గోవిందా అనండి" అంది. నాకు నోరు రాలేదు. ఆవిడే అందామని చూసింది, ఆవిడకూ రాలేదు.

ఆ దారిన పార్కు తరఫున తిరిగే స్వచ్ఛంద సేవకురాలు ఒకావిడ దిగుతూ మమ్మల్ని చూసి ఆగింది. ఎన్ని నీళ్ళు తాగావు, ఏం తిన్నావు అని అడిగింది. నీళ్ళు మూడు సీసాలు, తిండి లేదు. ఆవిడ మొహం మారింది. చెమటలో ఉప్పంతా పోయి, ఉత్త నీళ్ళే తాగుతుంటే ఒంట్లో మిగిలిన ఉప్పు పలచబడి మనిషి పడిపోతాడట. నీళ్ళు లేకపోవడం ఎంత ప్రమాదమో ఇదీ అంత ప్రమాదమట. మా ఆవిడకు ఇంగ్లీషు అంతంతమాత్రం. కాని "సాల్ట్" అన్న మాట చాలింది. డబ్బా మూత తీసింది. మజ్జిగలో, ఉప్పులో ఊరి ఎండిన మా ఇంటి మిరపకాయలు! అమెరికా ఆవిడ తన దగ్గరున్న ఉప్పు బిస్కట్లు కూడా ఇచ్చి, నా చొక్కా నీళ్ళతో తడిపి, నీడ ఉన్నచోటికి నడిపించి, రేడియోలో పైకి కబురు చేసి, నాలుగింటిదాకా కదలవద్దని చెప్పింది. మధ్యమధ్య వచ్చి చూసి పోయింది.

అయిదుగంటలపైన ఆ నీడలో కూర్చున్నాం. ముందురోజు మా అబ్బాయి చెప్పిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది. అడుగునున్న విష్ణువు రాయికి ఇంచుమించు 170 కోట్ల ఏళ్ళు. దానిమీద నేరుగా కూర్చున్న ఇసుకరాయికి 50 కోట్ల పైచిలుకు. మధ్య నూరు కోట్ల పైన ఏళ్ళ చరిత్ర లేదు, కొట్టుకుపోయింది. ఇల్లాంటిదే మన తిరుమల ఘాట్ రోడ్డులో ఉంది. అడుగున గ్రానైటు, పైన నగరి క్వార్ట్‌జైటు, నడుమ 80 కోట్ల ఏళ్ళ ఖాళీ. భూగర్భ సర్వే వారు బోర్డు కూడా పెట్టారు. అది చదవడానికి నాకు ఎన్నడూ తీరిక చిక్కలేదు.

"ఇక్కడే నాకేమన్నా అయితే?" అన్నాను.

"అయితే నేను మాత్రం యాడికి పోతాను?" అంది మా ఆవిడ, కొండవైపు చూస్తూనే. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు ఇద్దరమూ.

నాలుగు దాటాక లేచాం. మలుపుకొకసారి ఆగడం, మిరపకాయ ముక్క కొరకడం, రవంత నీళ్ళు. మలుపులు ఆవిడే లెక్కపెట్టింది. రెండో సొరంగం దగ్గర మా అబ్బాయి ఎదురొచ్చాడు. తిడతాడనుకున్నాను. ఏమీ అనకుండా సంచి తీసుకుని నా వెనక నడిచాడు, పడితే పట్టుకునేందుకు. అంచు చేరేసరికి పొద్దు కుంకుతోంది.

తిరుపతి వచ్చాక పదిహేను రోజులకు, క్షేమంగా తిరిగొచ్చిన మొక్కు తీర్చడానికి, అలిపిరి దగ్గర నిలబడ్డాం. మా ఆవిడ డబ్బా తీసి ఒక ఊరమిరపకాయ నా చేతిలో పెట్టింది.

"దర్శనం కాకుండా తినకూడదే" అన్నాను.

"ఇది తిండి కాదు, మందు. నమలండి" అని, ముందుగా మెట్టెక్కింది.