చిల్లర లేని దేశములు

విదేశయాత్ర ముగించుకొని వచ్చిన పెద్దమనుష్యులు తాము చూచిన నదులను గూర్చి గాని, మనుష్యులను గూర్చి గాని ఒక్కమాటయైనను చెప్పక, అచట భోజనమెంత చవకగా దొరకినదో, బస ఎంత స్వల్పమునకు కుదిరినదో మాత్రమే ఏకరువు పెట్టుట చిరకాలముగా నా మనస్సునకు కష్టము కలిగించుచున్నది. మొన్న ఒక మిత్రుని యింట జింబాబ్వే దేశపు నోటొకటి అద్దపు చట్రములో గోడకు వ్రేలాడుచుండెను. ఒకటి ప్రక్కన పదునాలుగు సున్నలు. మన లెక్కలో కోటికోట్ల డాలర్లు. ముందువైపున ఒకదానిపై నొకటి నిలిచిన బండరాళ్లు, వెనుకవైపున విక్టోరియా జలపాతము, అడవిదున్న. "అక్కడున్నన్నాళ్లూ మేము కోటీశ్వరులమండీ!" అని గృహస్థు నవ్వగా కూడియున్నవారందరును నవ్విరి. నాకు మాత్రము నవ్వు రాలేదు. ఆ నోటుపై, అడిగిన వెంటనే చెల్లింతునను వాగ్దానమును, దాని క్రింద రిజర్వు బ్యాంకు గవర్నరు గిడియన్ గోనో సంతకమును కలవు. ఒక జాతికి తప్పిన మాటను గోడకు తగిలించుకొని వినోదించుట శిష్టులకు తగిన పని కాదు.

ఆ నోటు 2009 జనవరిలో వెలువడినది. అంతకు ముందు, 2008 జూలైలో, ఆ ప్రభుత్వమే ఒప్పుకొనిన ధరల పెరుగుదల సంవత్సరమునకు 23 కోట్ల 10 లక్షల శాతము. 2006లో మూడు సున్నలను, 2008లో పది సున్నలను, 2009 ఫిబ్రవరిలో మరి పండ్రెండు సున్నలను కొట్టివేసిరి. కోసిన కొలదిని మొలచు గరికవలె అవి మరల మరల మొలచినవి. 2007లో ధరలన్నియు సగమునకు తగ్గింపవలెనని ప్రభుత్వము శాసింపగా, ధరలు తగ్గుటకు మారుగా అంగళ్లలోని అరలు ఖాళీ అయ్యెను. బేరర్ చెక్కులను పేర నోట్లకు బదులుగా చెలామణి యైన కాగితములపై గడువు తేదీ కూడ అచ్చువేసిరి. ఫలానా దినము దాటిన పిమ్మట తాను చెల్లనని ధనమే స్వయముగా చెప్పుకొనుచుండగా, దానిని దాచుకొను ధైర్యము గృహిణి కెచ్చటినుండి వచ్చును?

అట్టి దేశమున సంచరించువాడు ధనమును వాడవలసిన పద్ధతి వేరు. పెద్ద నోట్లు తీసికొనిపోరాదు; ఒక డాలరు, ఐదు డాలర్ల నోట్లు, నలగనివి, చిరగనివి, వేరువేరు జేబులలో నుంచుకొనవలెను. స్థానిక ధనమును ఆనాటి ఖర్చునకు సరిపోవునంతకంటె మార్చుకొనరాదు. ఉదయము చేత బట్టిన కట్ట సాయంకాలమునకు సగము విలువను కోల్పోవుట కలదు. భోజనమునకు కూర్చుండక పూర్వమే వెల అడిగి చెల్లించుట మేలు. బ్యాంకు కార్డును వెలికి తీయరాదు. అది సర్కారు నిర్ణయించిన మారకపు రేటున లెక్క కట్టును గనుక, ఒక్క పూట భోజనమునకు ఒక నెల జీతము వ్రాయవలసి వచ్చును. వీథిలోని రేటు దానికి ఎన్నో రెట్లు. జింబాబ్వేలోని బులవాయో నగరపు వీథులలో ఒసిఫథెలేని అని పిలువబడు స్త్రీలు నోట్లకట్టలతో కూర్చుండి బ్యాంకులు చేయజాలని పనిని చేయుచుండిరి. చట్టము వారిని నిషేధించినది, దేశము వారిపై ఆధారపడినది. 

ఈ జాగ్రత్తలన్నియు బుద్ధికి సంబంధించినవి. ధర్మమునకు సంబంధించినది ఒక్కటే: బేరమాడరాదు. రొట్టె కొఱకు తెల్లవారుజామున వరుస కట్టిన తల్లుల ముందు, డాలరు చేత బట్టుకొని, ఇంకను తగ్గింపుమని వాదించుట పాపము.

ఈ విషయమున నాకు ఎప్పుడును గుర్తు వచ్చునది 1922లో అమెరికా రచయిత హెమింగ్వే ఒక కెనడా పత్రికకు వ్రాసిన వార్త. ఆయన భార్యతో కూడ స్ట్రాస్‌బర్గ్ నుండి రైన్ నది దాటి జర్మనీలోని కేల్ పట్టణమునకు పోయి, పది ఫ్రాంకులు మార్చి 670 మార్కులు తీసికొని, దినమంతయు ఖర్చు పెట్టినను ఇంకను 120 మార్కులు మిగిలెనట. వారు ఐదు ఆపిలుపండ్లు కొనుట చూచిన తెల్లగడ్డపు వృద్ధుడొకడు టోపీ యెత్తి, మర్యాదగా వెల యడిగి, పండ్రెండు మార్కులని విని, తాను అంత పెట్టజాలనని తల యూపి వెడలిపోయెను. యాత్రికునకు ఏది చవకయో అదియే ఆ వృద్ధునకు అందరాని ధర. మరుసటి యేడు నవంబరునకు ఒక డాలరునకు 4 లక్షల 20 వేల కోట్ల మార్కులైనవి. ఆ ముసలివాడు అప్పటికి ఏమి తిని బ్రదికెనో ఎవరును వ్రాయలేదు. చవక అని మురిసిపోవు ప్రతి యాత్రికుని వెనుకను అట్టి వాడొకడు నిలిచియుండును. వానిని చూడని కన్నులు జలపాతమును చూచిన నేమి, చూడకున్న నేమి?

నా దృష్టిలో ద్రవ్యము పతనమగునపుడు మొదట మరణించునది నాణెము. దానిలోని లోహమే దాని ముఖవిలువను మించిపోవును. పిమ్మట చిన్న నోటు, ఆ పిమ్మట పెద్ద నోటు. 2009లో జింబాబ్వే తన డాలరును విడిచి అమెరికా డాలరును చేపట్టినపుడు నోట్లు వచ్చినవి కాని నాణెములు రాలేదు. మిగులు చిల్లరకు బదులు దుకాణదారులు మిఠాయి బిళ్లలు, కలములు, చీటీలు ఇచ్చిరి. మాసిన డాలరు నోట్లను జనులు సబ్బుతో ఉతికి ఆరవేసికొనిరి. 2014 డిసెంబరులో బాండు నాణెములు వచ్చువరకు ఆ దేశమునకు స్వంత చిల్లర లేదు. చిల్లర లేనిచోట పేదవాడు తనకు కావలసినంత మాత్రమే కొనజాలడు; ఒక ఉల్లిపాయ, ఒక చెంచాడు నూనె అను వస్తువులు లోకమునుండి అదృశ్యమగును.

అనకాపల్లిలో మా మేనత్త ఏటికొప్పాక లక్కబరిణలో చిల్లర దాచెడిది. రూపాయికి పదునారణాలు, అణాకు నాలుగు కానీలు చెల్లుచున్న కాలమది. అంచులు వంపులు తిరిగిన అణాలు, చదరపు బేడలు, నడుమ రంధ్రము గల చిల్లికానీలు వేరువేరుగా పేర్చి, ఆకుకూరల మనిషికి ఇయ్యవలసినది ఇచ్చి, రావలసిన కానీని అడిగి పుచ్చుకొనెడిది. అది పిసినారితనము కాదు. ఇచ్చువారికిని పుచ్చుకొనువారికిని నడుమ సమత్వము. చిల్లికానీని మొలత్రాటికి కట్టుకొని తిరిగిన పిల్లలము మేము. ఆకలియైనపుడు దానిని విప్పిన పిడికెడు మరమరాలు వచ్చెడివి. 1957లో నయాపైసలు వచ్చిన తరువాత కూడ ఆ బరిణను ఆమె ఖాళీ చేయలేదు.

అట్టి ద్రవ్యోల్బణము లేని మన పట్టణములలో సయితము దుకాణదారుడు చిల్లర లేదని చాక్లెట్టు చేత బెట్టుట నేను సహింపజాలను, పుచ్చుకొనను కూడ. ఆ చాక్లెట్టును మరునాడు వానికే తిరిగి ఇచ్చిన వాడు పుచ్చుకొనడు గదా! తాను పుచ్చుకొననిదానిని ఇతరులకు చెల్లింపుగా ఇయ్యరాదన్నదే ద్రవ్యనీతి యంతయు. ఏ దేశమునకు పోయినను నేను మొదట అడుగునది అచటి కనిష్ఠ నాణెముతో ఏమి దొరకునని. ఏదో యొకటి, ఒక అరటిపండైనను, దొరకునని చెప్పినచో ఆ దేశమున సామాన్యుడు బ్రదుకుచున్నాడని నమ్ముదును.