బుల్లి విమానానికి బెల్టు

తెర మీద విమానం పేలిపోతుంటే వెనక బెంచీ నుంచి "ఒరేయ్, అది బొమ్మరా!" అని అరిచిన కుర్రాళ్లలో నేనూ ఒకణ్ణి. ఇప్పుడు అరవను. ఎందుకంటారా? ఆరు నెలలుగా ఇందల్వాయిలో మా ఇంటి అరుగు మీద కూర్చుని నేనే ఒక బొమ్మ విమానంతో కుస్తీ పడుతున్నాను!

సినిమాల మీద రాసి బతికేవాణ్ణి. 'మాయాబజార్' (1957)లో వెన్నెల ద్వారక అంతా గోఖలే, కళాధర్ కట్టిన సుమారు 300 బొమ్మ ఇళ్లనీ, ఇంటింటికీ దీపం పెట్టారనీ, మార్కస్ బార్‌ట్లీ కెమెరా దాన్ని నగరం చేసేసిందనీ ఎన్నిసార్లు రాశానో! ఒక్క దీపానికి ఎంత తంటా పడాలో మాత్రం నాకేం తెలుసు?

నా విమానం స్పిట్‌ఫైర్. అసలులో 72వ వంతు. రెక్కలు చాచితే జానెడు కూడా రాదు. ఇదే ఎందుకంటే, దీని వెనక మన నిజాం ఉన్నాడు. 1918లో బ్రిటిష్ వైమానిక దళంలో 110వ స్క్వాడ్రన్‌కు ఆయన విమానాలు కొనిచ్చాడు. ఇది నిజాం కానుక అని ఒక్కోదాని మీదా రాయించారు. 1939లో తిరిగి మొదలైన 152వ స్క్వాడ్రన్‌కూ హైదరాబాద్ పేరే, చిహ్నంలో నిజాం తలపాగా! 1940లో జర్మన్లతో తలపడ్డ ఆ స్పిట్‌ఫైర్ల పక్కన 'యు.ఎమ్.' అని అక్షరాలుండేవి. శిస్తు కట్టిన మన తాతల పేర్లు ఎక్కడా లేవనుకోండి, అది వేరే కథ.

కిట్టు అతికిస్తే విమానం ఆకారం వస్తుంది. ప్రాణం రావాలంటే నగిషీ కావాలి. ప్లాస్టిక్ పుల్లను కొవ్వొత్తి సెగకు మెత్తబరిచి లాగితే వెంట్రుకంత తీగ సాగుతుంది, అదే ఏరియల్. పెన్సిల్ ముల్లు పొడి రుద్దితే ఇంజను పొగమరక. ఇవన్నీ చేసి మురిసిపోతుంటే బాపు వచ్చి కళ్లద్దాలు సర్దుకుని చూశాడు.

"విమానం నడిపెటోడు బెల్టు పెట్టుకోడారా?"

బాపు బోధన్ వైపు ఒక చెరకు మిల్లులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. నేను హైదరాబాదులో ఉద్యోగం మానేసి సినిమా రాతలకు దిగిన నాటి నుంచి మా మధ్య "తిన్నవా?", "తిన్న" తప్ప మాటల్లేవు. అందుకే ఆ ప్రశ్నకు నేను కాసేపు నోరు తెరుచుకుని ఉండిపోయాను.

సీటే ఆరు మిల్లీమీటర్ల లోపు. దానికి పట్టీ వెడల్పు ముప్పావు మిల్లీమీటరు! బాపు తన బీపీ గోళీల అట్ట వెనక రేకు ఒలిచి బ్లేడుతో కోశాడు. పాడైన ఇయర్‌ఫోన్ వైరులోంచి రాగి పోగు తీసి బకిల్ వంచాడు. మూడు ఎగిరిపోయాయి. ఒకటి అమ్మ చీర కుచ్చిళ్లలో దొరికింది. నాలుగోది నిలిచింది.

ఆ సంబరంలో నేను చేసిన ఘనకార్యం వినండి. అద్దాల మూతను సూపర్ గ్లూతో అతికించాను. తెల్లారేసరికి ఆ గ్లూ ఆవిరికి మూత లోపల మంచు పట్టినట్టు తెల్లబడిపోయింది. బెల్టూ లేదు, సీటూ లేదు! బాపు కంటపడకుండా బీరువా వెనక దాచాను. ఆయన దాన్ని ఎలా కనిపెట్టాడో గానీ, సాయంత్రానికి మూత ఊడదీసి, గుడ్డకు పళ్లపేస్టు రాసి రుద్దుతూ కూర్చున్నాడు. నన్ను ఒక్క మాటనలేదు. రెండు రోజులు రుద్దాడు. ఓ మూల మసక అలాగే ఉంది. బెల్టు మాత్రం కనబడుతోంది.

ఈసారి తెల్ల జిగురు పెట్టాం. అది ఆరడానికి టైం పడుతుంది. హైవే మీద లారీ పోయినప్పుడల్లా మా అరుగు అదురుతుంది. బాపు మూత మీద వేలు పెట్టి తియ్యలేదు.

"గమ్ము ఆరేదాక ఊకె కూసుంటే ఎట్ల? నువ్వు రాసే సినిమా ముచ్చట్లేందో చెప్పు," అన్నాడు.

ద్వారకలో దీపాల దగ్గర మొదలుపెట్టాను.