డబ్బా పేరు వేరు, సరుకు వేరు

మన వంటిళ్ళలో ఒక వింత ఉంది. హార్లిక్స్ సీసాలో కందిపప్పు ఉంటుంది. బిస్కట్ల డబ్బాలో సూదీ దారం ఉంటాయి. బోర్నవిటా డబ్బా మూత తీస్తే ఎండుమిరపకాయల ఘాటు నషాళానికి అంటుతుంది. చుట్టపుచూపుగా వచ్చినావిడ కాఫీ కలపబోయి కంగారు పడాలే గానీ, ఇంటి ఇల్లాలికి కళ్ళు మూసుకున్నా ఏ డబ్బాలో ఏముందో తెలుస్తుంది. డబ్బా వేరు, సరుకు వేరు అన్న జ్ఞానం మనకి కాపరానికొచ్చిన మర్నాడే వచ్చేస్తుంది.

ఇంత తెలిసినవాళ్ళం, వీడియో ఫైలు దగ్గర కొచ్చేసరికి మాత్రం పేరు చూసి మోసపోతాం. ఫైలు పేరు చివర చుక్క పెట్టి ఎం.పి.4 అనో, ఎ.వి.ఐ. అనో, ఎం.కె.వి. అనో ఉంటుంది చూశారూ, అది లోపలి సరుకు పేరు కాదండీ. డబ్బా పేరు! కంటెయినర్ అంటారు దాన్ని. అందులో బొమ్మ ఒక గిన్నెలో, మాట ఒక గిన్నెలో, సినిమా అయితే కింద కనిపించే అక్షరాలు ఇంకో గిన్నెలో, అచ్చం పోపుల డబ్బాలో లాగ సర్ది ఉంటాయి. ఏ పెదవి కదలికకి ఏ మాట కలవాలో ఆ లెక్క కూడా అందులోనే ఉంటుంది.

ఈ డబ్బాలకీ వంశవృక్షాలున్నాయి. ఎ.వి.ఐ.ని 1992లో మైక్రోసాఫ్ట్ వాళ్ళు తెచ్చారు. ఎం.పి.4కి పెద్దదిక్కు 1991 నాటి ఆపిల్ వారి క్విక్‌టైమ్. ఎం.కె.వి. అంటే మత్రోస్కా, 2002లో మొదలైంది. బొమ్మలో బొమ్మ, ఆ బొమ్మలో మరో బొమ్మ ఒదిగిపోయే రష్యా కొయ్యబొమ్మల పేరు మీద పెట్టారట. ముచ్చటగా లేదూ?

మరి లోపలి సరుకు సంగతి? ఇవాళ్టి మామూలు టీవీ సైజు బొమ్మని ఉన్నదున్నట్టు దాచాలంటే ఒక్క సెకనుకి సుమారు 155 మెగాబైట్లు కావాలి. నిమిషానికి తొమ్మిది గిగాబైట్ల పైమాటే! మూడు గంటల పెళ్ళి దాచడానికి ఇల్లు తాకట్టు పెట్టాల్సిందే. అంచేత దాన్ని కుదిస్తారు. పురోహితుడి వెనక గోడ కదలదు కదా, దాన్ని ఒకసారి రాసుకుని, ఆ తర్వాత కదిలిన చెయ్యీ, ఎగిరిన అక్షింతలూ మాత్రమే రాసుకుంటారు. గుమ్మడికాయంతా వడియాలై చిన్న డబ్బాలో ఇమిడిపోయినట్టన్నమాట. తినేటప్పుడు మళ్ళీ నూనెలో వేస్తే పొంగుతాయి. ఈ కుదించే, పొంగించే పద్ధతి పేరే కోడెక్.

ఆ పద్ధతులూ ఒకటీ రెండూ కాదు. డీవీడీల్లో ఎంపెగ్-2 ఉండేది. 2003లో హెచ్.264 వచ్చింది. 2013లో హెచ్.265 వచ్చి, అంతే నాణ్యమైన బొమ్మని దాదాపు సగం చోటులో సర్దేస్తానంది. దాన్నే హెచ్.ఇ.వి.సి. అని కూడా అంటారు. 2018లో ఎ.వి.1 వచ్చింది. చిక్కెక్కడంటే, ఒకే ఎం.పి.4 డబ్బాలో ఇవాళ హెచ్.264 ఉండొచ్చు, రేపు హెచ్.265 ఉండొచ్చు. మీ టీవీకి డబ్బా మూత తియ్యడం తెలిసినా, లోపలి వడియం వేయించడం రాకపోతే తెల్లమొహం వేస్తుంది.

మా పిన్ని ఇంట్లో సరిగ్గా ఇదే జరిగింది. 2006లో వాళ్ళ షష్టిపూర్తి అయింది. 2019లో బాబాయి పోయాడు. ఆ వేడుక వీడియో పెన్‌డ్రైవ్‌లో వేసి కొత్త టీవీకి తగిలిస్తే మాట వస్తోంది, మనిషి రావడం లేదు. నల్లటి తెర వెనకనుంచి బాబాయి "ఏమేవ్, ఆ ఉత్తరీయం ఇలా తే" అంటున్నాడు. షాపులో చూపిస్తే, "ఫైలు పాడైపోయిందమ్మా, తీసేయండి" అన్నాడట కుర్రాడు. పిన్ని తీసెయ్యలేదు. రోజూ మధ్యాహ్నం ఆ నల్లటి తెర ముందు కూచుని వినేది.

సెలవలకొచ్చిన మనవరాలు దాన్ని కంప్యూటర్‌లో వీఎల్‌సీ అనే ఉచిత ప్లేయరులో పెట్టింది. బొమ్మ వచ్చేసింది! పైన టూల్స్ అన్నచోట నొక్కి, కోడెక్ ఇన్ఫర్మేషన్ అన్నది తెరిచి చూపించింది. డబ్బా ఎ.వి.ఐ., మాట ఎం.పి.3, బొమ్మ ఎక్స్‌విడ్. పాతకాలపు పద్ధతి. టీవీకి ఎం.పి.3 తెలుసు గనక వినిపించింది, ఎక్స్‌విడ్ తెలియదు గనక చూపించలేదు. అంతే! ఫైలు లక్షణంగా ఉంది. పిన్ని తెర దగ్గరగా జరిగి, "ఆ ఉత్తరీయం నేను గంజి పెట్టిందేనే" అని, ఇంకేం మాట్లాడలేకపోయింది.

చాలామంది ఇలాంటప్పుడు ఎ.వి.ఐ. అన్న అక్షరాలు చెరిపి ఎం.పి.4 అని రాసేస్తారు. ఉప్పు డబ్బా మీద పంచదార అని చీటీ అంటిస్తే పాయసం తియ్యగా అవుతుందా చెప్పండి? చీటీ మారింది గానీ సరుకు మారలేదు. ఏ డబ్బాలో ఏముందో వివరంగా చెప్పే మీడియాఇన్ఫో అనే ఉచిత సాధనం కూడా ఉంది. ముందు లోపల చూడాలి, ఆ తర్వాతే వైద్యం.

వైద్యం రెండు రకాలు. సరుకు మీ టీవీకి తెలిసిందే అయి డబ్బా ఒక్కటే నచ్చకపోతే, జాడీలో ఆవకాయ సీసాలోకి తీసినట్టు డబ్బా మారిస్తే చాలు. చిటికెలో పని, రవ్వంత కూడా నష్టం లేదు. దీన్ని రీమక్స్ అంటారు. సరుకే తెలియకపోతే హెచ్.264 లాంటి అందరికీ తెలిసిన పద్ధతిలోకి మళ్ళీ కుదించాలి. ఇది వేయించిన వడియాన్ని మళ్ళీ పిండి చేసి ఎండబెట్టడం లాంటిది. ప్రతిసారీ కాస్త రుచి తగ్గుతుంది. అందుకని టీవీ కోసం వేరే ప్రతి చేయించుకోండి గానీ అసలుది మాత్రం భద్రంగా ఉంచండి. పిన్ని మనవరాలూ అదే చేసింది.

ఇళ్ళల్లో పాత సీడీలూ, పెన్‌డ్రైవులూ బీరువాలో చీరల మధ్య దాచేది ఎవరు? మనమే కదా! "పాడైపోయింది" అని ఎవరో అన్నారని చెత్తబుట్టలో వేసేదీ మనమే. నిజంగా పాడైన ఫైళ్ళు ఉండవని కాదు, ఉంటాయి. కానీ ఈసారి ఎవరైనా అలా అంటే, "కోడెక్ ఏమిటో చూశావా నాయనా?" అని నెమ్మదిగా అడిగి చూడండి. ఆ కుర్రాడు ఒక్క క్షణం తలెత్తి మీకేసి చూస్తాడు. ఆ చూపు కోసమైనా అడగొచ్చు!