గూడుబండి

సింధునది లోయయందలి మొహెంజొదారో, హరప్పా త్రవ్వకములలో మట్టితో చేసిన బొమ్మబండ్లు దొరకినవి. నాలుగువేల యేండ్లకు పూర్వపు టా బండికిని, నా బాల్యమున కోవూరి వీధులలో తిరిగిన ఎద్దుబండికిని పోలిక సుస్పష్టము. ఆ బొమ్మబండ్లవి ఆకులు లేని నిండుచక్రములు. మనవి ఆకుల చక్రములు. ఇన్ని వేల యేండ్లు నిలిచిన వస్తువు నా కన్నులయెదుటనే, నలువది యేండ్లలో, వీధినుండి మాయమైనది.

మా తండ్రిగారికి గూడుబండి యొకటి యుండెడిది. కోతల కాలమున గూడును దించి పసులకొట్టములో బోర్లించెడివారు. అప్పుడది ధాన్యపు బండి. మొలగొలుకుల వడ్లు దానిపై నెల్లూరి మిల్లులకు పోయెడివి. వైశాఖమాసమున జొన్నవాడ కామాక్షమ్మవారి బ్రహ్మోత్సవములు రాగానే గూడు మరల నెక్కించి, అడుగున వరిగడ్డి మందముగా పరచి, దానిపై జంబుఖానా వేసెడివారు. అప్పుడది యిల్లు. నాయనమ్మ, అమ్మ, మేము నలుగురము పిల్లలము అందే పండుకొంటిమి; అందే తింటిమి. మజిలీలో ఎడ్లను విప్పి, నొగల క్రింద ఊతకర్రలు నిలిపినచో బండి మంచమువలె సమముగా నిలుచును. ఇరుసునుండి వ్రేలాడు లాంతరు వెలుగు చాపసందులనుండి పైకి చిమ్ముచుండ, నాకు నిద్ర పట్టెడిది కాదు.

ఇల్లు వెంటగొని తిరుగవలెనను కోరిక మనవారికే గాదు, అన్యదేశీయులకును గలదు. అమెరికా రచయిత జాన్ స్టైన్‌బెక్ 1960వ సంవత్సరమున ట్రక్కుపై చిన్న గది నెక్కించుకొని, చార్లీ యను కుక్కను వెంటబెట్టుకొని తన దేశము చుట్టివచ్చెను. ఆ బండికి డాన్ క్విక్సోట్ గుఱ్ఱము పేరైన రోసినాంతె యని పేరిడెను. అట్టి గదిబండ్లలో కొన్నింటికి పైకప్పు దారిలో అణగియుండి, మజిలీ చేరిన పిదప పైకి లేచునట. పాతబడిన వానిని కొని, పుచ్చిన చెక్కలు తీసి, సెలవుదినములలో ఇంటిముంగిటనే బాగుచేసికొను గృహస్థు లచ్చట పెక్కురు గలరు. ఈ సంగతి చదివినప్పుడు మా పెరటి చింతచెట్టు క్రింది బండి నాకు జ్ఞప్తికి వచ్చెను.

1980వ దశకమున మా పొలములోనికి ట్రాక్టరు వచ్చెను, ఎడ్లను అమ్మితిమి. నాటినుండి బండి చెట్టుక్రిందనే నిలిచెను. పెద్దబాటపై భోజనశాల నడపు వర్తకు డొకడు వచ్చి, చక్రములను తన గుమ్మమున కిరువైపుల అలంకారముగా నిలుపుకొందుననియు, మంచి వెల యిత్తుననియు చెప్పెను. మా తమ్ముడు, “అన్నయ్యా, కారు నిలుపుటకు చోటు లేదు, ఇచ్చివేయుము” అనెను. వాని మాటలో అన్యాయ మేమియు లేదు. అయినను 2018వ సంవత్సరమున ప్రధానోపాధ్యాయ పదవినుండి విశ్రాంతి గైకొన్న నాకు పగళ్ళు దీర్ఘములుగా తోచుచుండెను. ఎప్పటికైన బండిని బాగుచేయవలెనని మనసున నుండెను.

2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను మా పొలముగట్టున నున్న నల్లతుమ్మను కూల్చినది. బండి చక్రమునకు తుమ్మకొయ్యను మించినది లేదు. నేను వెంటనే ఆచారిగారి యింటికి పోతిని. ఆయనకు ఎనుబదియేండ్లు. మా బండిని చేసినది ఆయన తండ్రి. మా ప్రాంతమున చక్రము చేయనేర్చినవారిలో నే నెరిగినంతవరకు మిగిలినది ఆయన యొక్కడే. ఆయన కుమారుడు కులవిద్య విడిచెను. మనుమడు నెల్లూరిలో అల్యూమినియము కిటికీలు బిగించు దుకాణమున పని చేయుచుండెను.

ఆచారిగారు వచ్చి బండిచుట్టు తిరిగి, చూచుటకంటె ఎక్కువగా తడవి చూచెను. ఎడమచక్రము గట్టిగా నున్నది. ఇరుసునకు దోషము లేదు. కుడిచక్రపు ఆకులను, అంచున నుండు వంపుచెక్కలను చెదలు తినివేసినవి. వింత యేమనగా, నడుమనున్న కుండను మాత్రము చెదలు ముట్టలేదు. “ఏండ్ల తరబడి త్రాగిన ఆముదపు కందెన దానిని కాచినది, అయ్యవారూ” అని ఆయన నవ్వెను. ఆముదమున గడ్డిమసి కలిపి చేయు ఆ నల్లని కందెనను మే మందరము చేతులకు, బట్టలకు పూసికొని తిట్లు తిన్నవారమే.

“ఎప్పుడు మొదలుపెట్టుదము?” అని యడిగితిని.

“ఈ కొయ్యను కోయించి నీడలో పేర్పించుడు. ఒక వేసంగి దాటవలె. పచ్చికొయ్యతో చేసిన చక్రము వానలలో బాగుగనే తిరుగును. ఎండలు ముదిరిననాడు ఆకులు కుండలో గడగడలాడును. నా తండ్రి చేసిన చక్రము ప్రక్కన అట్టిదానిని నిలుపలేను.”

న్యాయమైన మాటయే. కాని నెల్లూరి వైద్యుడు ఆయనకు నీటికాసులని అంతకుముందే చెప్పియుండెను. అది శుక్లములవంటిది కాదు. శుక్లములు తీసినచో చూపు మరల వచ్చును. నీటికాసులవలన పోయిన చూపు పోయినదే; మిగిలినదానిని మందులతో కాపాడుకొనవలె. కొయ్య ఎండుటకు ఏడాది కావలెను. ఆయన కన్నులకు అంత గడువున్నదో లేదో ఎవ్వరును చెప్పజాలరు. నే నిది సూచింపగా ఆయన, “కొయ్యకు నా కన్నులతో పని యేమి?” అని లేచి పోయెను.

ఆ యేడాది మేము చేయగల పనులు చేసితిమి. నొగలను గీకి నూనె పట్టించితిమి. గూటికి వెదురుబద్దలు వంచి, పైన తాటియాకు కప్పి, లోపల ఈతచాప కుట్టించితిమి. ఇందు నా భార్య మాటయే చెల్లెను. పరుపు వేయింతునన్నచో ఒప్పుకొనలేదు, వరిగడ్డియే కావలెననెను. రబ్బరుచక్రములు వేసి త్వరగా ముగింపుమని తమ్ముడు చెప్పెను. రబ్బరుబండి ఎడ్ల మెడకు సుఖమనుటలో సందేహము లేదు. బరువులకు అదియే మేలు. కాని మే మెత్తవలసిన బరువు వడ్లబస్తాలు కావు.

2025 జనవరి నాటికి కొయ్య ఎండెను. ఆచారిగారికి అప్పటికి మనుష్యుల ముఖము లానుట మానినవి. ఆయనే మనుమని పిలిపించెను. వాడు ఆదివారములందు మాత్రము వత్తుననెను. వచ్చి, బాడిస పట్టెను. తాత కొయ్యపీటపై కూర్చుండి, వాడు చెక్కిన ప్రతి ఆకును వ్రేళ్ళ నడుమ నుంచి ఈ కొననుండి ఆ కొనకు జరిపి చూచును. పండ్రెండు ఆకులు కుండలో దిగగొట్టిన పిదప సుత్తితో ఒక్కొక్కదానిని తట్టుచు చెవి యొగ్గెను. ఏడవదానికడ ఆగి, “దీనిని తీయుము” అనెను. నాకు ఆ ధ్వనిలో భేదము తెలియలేదు. మనుమడు చిరాకుపడెను. తీసి చూడగా, కుండలో దాగిన మొన ప్రక్క వెండ్రుకంత సందు! వాడు మరొక ఆకును చెక్కెను. ఆ మరుసటి ఆదివారము పిలువకముందే వచ్చెను.

చక్రమునకు ఇనుపపట్టా తొడుగుట చూడదగిన పని. మా చక్రము వ్యాసము 5 అడుగులు. కనుక చుట్టుకొలత 15 అడుగుల 8½ అంగుళములు. పట్టాను కమ్మరి దానికంటె ఒక యంగుళము తక్కువగా అతికెను. “తాతా, ఇది పట్టదు” అని మనుమడు వాదించెను. దానిని పిడకల మంటలో ఎఱ్ఱగా కాల్చిరి. ఇనుము 500 డిగ్రీల వేడి కెక్కినపుడు ఆ పొడవున అంగుళమునకు పైచిలుకు సాగునని భౌతికశాస్త్రము చెప్పిన నా మిత్రుడు లెక్కవేసి చూపెను. నలుగురు పట్టకారులతో దానిని మోసికొనివచ్చి చక్రముపై దింపిరి. కొయ్య అంటుకొని మంట లేచెను. వెంటనే కడవలతో నీళ్ళు గ్రుమ్మరించిరి. ఆవిరి క్రమ్మిన ఆ మసకలో, పట్టా బిగియుచుండ, ఆరు వంపుచెక్కలును పండ్రెండు ఆకులును కిఱ్ఱుకిఱ్ఱుమనుచు కుండవైపునకు జరుగుట వినవచ్చెను. జిగురు లేదు, మేకు లేదు. ఆ బిగువే చక్రము.

ఎద్దుబండి యనిన చిన్నచూపు చూచువారు ఒక సంగతి నెఱుగవలె. మన దేశపు ‘ఆపిల్’ అను సమాచార ఉపగ్రహమును 1981 జూన్ 19న ఆకాశమునకు పంపుటకు ముందు, లోహపు వాహనము పరీక్షకు అడ్డగును గనుక, శాస్త్రజ్ఞులు దానిని ఎద్దుబండిపై నెక్కించి పరీక్షించిరి. ఆ చిత్రమును నేను మనుమనికి చూపగా వాడు తన దుకాణపు మిత్రుల కందరికిని పంపెను.

ఇక ఎడ్లు. బ్రెజిల్ దేశమున మాంసమునకై పెంచు పశువులలో అధికభాగము మన ఒంగోలు జాతి సంతతి. అచ్చట వానిని ‘నెలోర్’ అందురు. 1904 వరకు ఒంగోలు తాలూకా నెల్లూరు జిల్లాలోనిది. సముద్రముల కావల మన జిల్లాపేర మందలు మేయుచుండ, నాకు కోవూరిలో ఒక జత దొరకలేదు! తుదకు బండలాగుడు పందెములకై ఎడ్లను పెంచు రైతు ఒక పూట ఇచ్చెను. అవి రాతిని లాగ నేర్చినవే గాని, వెనుక గూడు కదలుట నెఱుగవు. మొదట బెదరినవి, రైతు మెడలు నిమిరి కాలువగట్టు పట్టించెను.

ఆచారిగారు గడ్డిపై పండుకొని చెవిని చెక్క కానించెను. కొంతదూరము పోయిన పిదప, “ఎడమది మా నాయన చక్రము. కుడిది ఇంకను కీచులాడుచున్నది” అనెను. మనుమడు బండి నాపించి, క్రిందికి దుమికి, వెదురుగొట్టములోని కందెన తీసి కుడిచక్రపు కడచీలను ఊడబెరికెను.