గాలియు, బరువును

ఎదురుగాలిలో గొడుగు పట్టి నడచువానికి గాలిబలమెట్టిదో ఒకరు చెప్పనక్కరలేదు. కంటికి కానరాని ఆ గాలియే వేగముగా పోవు బండికి గోడవలె అడ్డుపడును. బండి వేగము రెట్టింపైనచో గాలి నిరోధము నాలుగు రెట్లగును. దానిని గెలుచుటకు వలయు శక్తి ఎనిమిది రెట్లు పెరుగును. కావున పందెపు కారునకు బలమైన ఇంజను నమర్చినంత మాత్రమున చాలదు. గాలిని చీల్చుకొనిపోవు రూపమును, తేలికయైన దేహమును దానికి కల్పింపవలెను.

ఈ విద్యలో పేరు పొందినవారిలో ఇంగ్లండు దేశస్థుడగు కాలిన్ చాప్‌మన్ ముఖ్యుడు. ఆయన లండనులోని యూనివర్సిటీ కాలేజీలో ఇంజనీరింగు చదివి, 1952లో లోటస్ సంస్థను స్థాపించెను. తేలికయైన కారు త్వరగా వేగమందుకొనును, త్వరగా ఆగును, మలుపులలో చురుకుగా తిరుగును. ఇన్ని లాభములుండుటచే ఆయన ప్రతి భాగమునందును బరువు తగ్గించు మార్గమునే వెదకెను.

అంతవరకు ఫార్ములా వన్ పందెపు కార్లకు ఉక్కు గొట్టములతో చట్రము కట్టి, దానిపై రేకులు తొడుగుచుండిరి. 1962లో చాప్‌మన్ నిర్మించిన లోటస్ 25 అను కారునకు అట్టి చట్రము లేదు. అల్యూమినియం రేకులనే పెట్టెవలె బిగించి, దేహమే చట్రమగునట్లు చేసెను. కోడిగ్రుడ్డులో దూలములు లేవు. పెంకే దాని బలము. ఈ కారు తీరును అట్టిదే. దీనిని నడిపి జిమ్ క్లార్క్ 1963లో ప్రపంచ విజేతృత్వమునకు లెక్కింపబడిన 10 పందెములలో 7 గెలిచెను.

అయితే తేలిక కారునకు మరియొక చిక్కు కలదు. మలుపున చక్రములు నేలను గట్టిగా పట్టనిచో కారు జారిపోవును. బరువు పెంచక దానిని నేలకు అదుముటెట్లు? అందులకు గాలియే తోడ్పడెను. విమానపు రెక్క విమానమును పైకెత్తును. ఆ రెక్కనే తలక్రిందులుగా అమర్చినచో కారును క్రిందికి అదుమును. 1968 నుండి ఫార్ములా వన్ కార్లకు ఇట్టి రెక్కలు మొలచెను. సన్నని కమ్ములపై అవి నానాటికి ఎత్తుగా లేచెను.

తేలికదనమునకు హద్దు కలదని 1969లో తెలియవచ్చెను. బార్సిలోనాలో జరిగిన స్పెయిన్ పందెమున రెండు లోటస్ కార్ల వెనుక రెక్కలు విరిగి, అవి ఒకదాని తరువాత నొకటి ప్రమాదము పాలయ్యెను. గ్రాహం హిల్ క్షేమముగా బయటపడెను. యోకెన్ రింట్ గాయపడెను. తరువాతి మొనాకో పందెముననే ఎత్తైన రెక్కలను నిషేధించిరి.

చాప్‌మన్ అంతటితో ఆగలేదు. ఇరుకైన త్రోవలో పోవు గాలికి వేగము హెచ్చును, ఒత్తిడి తగ్గును. కారు అడుగుభాగమును ఈ సూత్రము ననుసరించి మలచినచో, పైనున్న గాలి ఒత్తిడి కారును నేలకు అదిమిపెట్టును. ఇట్లు రూపొందిన లోటస్ 79 కారుతో మేరియో ఆండ్రెట్టి 1978లో ప్రపంచ విజేత యయ్యెను.

1981లో మెక్‌లారెన్ సంస్థ కార్బన్ ఫైబర్‌తో కారు దేహమును నిర్మించెను. ఆ యేడే ఇటలీలోని మోంజాలో అది ఘోరప్రమాదమునకు లోనై రెండు ముక్కలయ్యెను. చూచువారు నివ్వెరపోయిరి. కాని దానిని నడిపిన జాన్ వాట్సన్ గాయములేక లేచి నడచివచ్చెను. తేలికదనమును, గట్టిదనమును ఒకచోట నుండగలవని అది చాటెను.

2018లో డ్రైవరు తల చుట్టును టైటానియం కమాను తప్పనిసరి యయ్యెను. అది కొంత బరువును పెంచును. గాలికిని కొంత అడ్డగును. అందుచే కొందరు దానిని ఆక్షేపించిరి. 2020లో బహ్రెయిన్ పందెమున రొమైన్ గ్రోజాన్ కారు ఇనుప కంచెను చీల్చుకొనిపోయి మంటలలో చిక్కెను. ఆ కమాను తలను కాపాడుటచే అతడు చేతులు కాలినను ప్రాణములతో బయటపడెను.

అనవసరమైన బరువును గ్రాము గ్రాముగా తీసివేయుట నేర్పు. ఏ బరువును తీయరాదో ఎరుగుట వివేకము. ఈ రెండును గలవాడే మంచి ఇంజనీరు.